యూసుఫు అంగీలు మూడు: ఖురాను కథనంలో చిహ్నము, విరోధము

ఖురానులో ప్రవక్తల కథలు బహుళంగా ఉన్నా, అవి మన పురాణాలలో వలె ఆద్యంతాలతో ఒకేచోట కూర్చినవి కావు. మూసా కథ ఎన్నో అధ్యాయాలలో ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇబ్రాహీము కథ కూడా అంతే. ఒక్క యూసుఫు వృత్తాంతం మాత్రమే పన్నెండవ సూరాలో, 111 ఆయతులలో, ఇంచుమించు ఆసాంతం ఏకధారగా సాగుతుంది. ఆ సూరా తన కథను తానే కథలలో ఉత్తమమైనదిగా పేర్కొంటుంది. కథనంలో అర్థం ఎట్లా పుడుతుందో పరిశీలించదలచినవానికి ఇంతకంటె అనుకూలమైన లక్ష్యం లేదు.

సంస్కృత పాఠశాలలో తర్కం, వ్యాకరణం చదువుకున్నవానికి ఈ గ్రంథంతో పని ఏమని మిత్రులు కొందరు అడిగారు. అరబీ నాకు రాదు; అనువాదాల ద్వారానూ, తెలిసినవారిని అడిగి తెలుసుకున్న పదార్థాల ద్వారానూ చదివాను. ఆ లోపం ఈ వ్యాసంలో ఉంటుంది. అయినా గుంటూరు, ప్రకాశం మండలాల మెట్టభూములలో బ్రతికినవానికి ఈ కథ పరాయిది కాదు. ఒంగోలులో బాప్టిస్టు మిషను, గుంటూరులో లూథరన్ మిషను పనిచేసిన నాటినుండి బైబిలులోని యోసేపు కథ ఇక్కడి పల్లెపల్లెకూ తెలుసు. ప్రత్తి ఏకడం కులవృత్తిగా ఉండి, ఆ వృత్తిమీదనే దూదేకులవారని పేరుపడిన నూర్‌బాషాలకు ఇంటిభాష తెలుగే. వారి ఇండ్లలో అదే కథ యూసుఫు పేర తెలుసు. ఒకే వీథిలో రెండు పేర్లతో రెండు తీరుల నడుస్తున్న కథను పక్కపక్కన పెట్టి చూసినవారు మాత్రం అరుదు. ఖురానుకు తొలి తెలుగు అనువాదాన్ని 1925లో వెలువరించినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆంధ్రభాషాచరిత్ర కర్తగానే మనవారు ఆయనను స్మరిస్తారు; తెలుగు ద్రావిడ భాష కాదన్న ఆయన వాదాన్ని ఖండించడంలో మనం చూపిన శ్రద్ధలో నాలుగవవంతైనా ఈ అనువాదంపై చూపలేదు.

ముందుగా పరిభాషను గూర్చి ఒక మాట. పాశ్చాత్యుల చిహ్నశాస్త్రాన్ని తెలుగులో వివరించేటప్పుడు పలువురు ‘సంకేతం’ అనే పదాన్ని విచ్చలవిడిగా వాడుతున్నారు. నైయాయికులకు సంకేతమంటే ఈ పదానికి ఈ అర్థమని ఏర్పరచుకున్న నియమం. పొగ నిప్పుకు సంకేతం కాదు, లింగం. దుష్యంతుని ఉంగరం శకుంతలకు లింగమూ కాదు, అభిజ్ఞానం. ఈ మూడింటినీ కలగలిపితే యూసుఫు కథలోని సొగసంతా పోతుంది. కనుక మూడింటికీ సామాన్యంగా ‘చిహ్నం’ అనే మాటను ఇక్కడ వాడుతున్నాను.

అర్థం వస్తువునుండి కాక భేదంనుండి పుడుతుందన్న సిద్ధాంతానికి ఐరోపాలో ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఆద్యుడని చెబుతారు. 1913లో ఆయన మరణించిన తరువాత, 1916లో ఆయన పాఠాలు గ్రంథరూపంలో వచ్చాయి. ఆయన ఏండ్ల తరబడి సంస్కృతం బోధించినవాడని, 1881లో అచ్చయిన ఆయన పరిశోధన వ్యాసం సంస్కృతంలోని షష్ఠీ ప్రయోగ విశేషాన్ని గూర్చినదేనని మనం మరువరాదు. వేంగీ ప్రాంతంతో ఐతిహ్యం ముడిపెట్టే దిఙ్నాగుడు ప్రమాణసముచ్చయంలో అపోహవాదాన్ని ప్రతిపాదించాడు: గోశబ్దం గోవును విధిముఖంగా చెప్పదు, గోవు కానివాటిని తొలగించి చెబుతుంది. ఈ ఇద్దరి మాటా ఒకటేనని చాటడం నా ఉద్దేశం కాదు. మన దగ్గర అన్నీ ముందే ఉన్నాయనే గర్వం పరిశోధనకు చీడ వంటిది. దిఙ్నాగునికి కావలసినది సామాన్యాన్ని ఖండించడం. సొస్యూర్‌కు కావలసినది భాషావ్యవస్థను వివరించడం. కాని ‘ఇది కానిది కానిది ఇది’ అన్న ఆలోచనకు అలవాటుపడిన బుద్ధి ఖురాను కథను చదివేటప్పుడు కొన్ని విషయాలను సులువుగా గుర్తిస్తుంది.

ఇప్పుడు అంగీలు. అరబీలో ఖమీస్, మనవారు కమీజు అనేది ఆ మాటే. ఈ కథలో అది మూడుమార్లు వస్తుంది.

మొదటిసారి, అన్నలు యూసుఫును బావిలో పడవేసి, అతని అంగీకి దొంగనెత్తురు పూసి తండ్రి యాఖూబు ముందు పెడతారు, తోడేలు తిన్నదంటారు. తండ్రి నమ్మడు. మీ మనస్సులు మీకొక కథ అల్లిపెట్టాయి, నాకిక సుందరమైన సహనమే శరణ్యం అన్న భావంతో మాట్లాడతాడు. ఆయన ఎందుకు నమ్మలేదో సూరా చెప్పదు. వ్యాఖ్యాతలు చెప్పారు: నెత్తురు ఉంది గాని అంగీ ఎక్కడా చిరగలేదు, పిల్లవాణ్ణి తిని అంగీని మాత్రం పదిలంగా విడిచిపెట్టిన తోడేలు ఎంత దయగలదో అని తండ్రి అన్నాడట. మన భాట్టమీమాంసకులు వినదగిన తర్కమిది. చిరుగు కనబడకపోవడమే ఇక్కడ ప్రమాణం. ఏ అనుపలబ్ధి అయినా అభావాన్ని సాధించదు. ఉండినట్లయితే కనబడి తీరవలసినది కనబడకపోతేనే సాధిస్తుంది. తోడేలు తినడమే నిజమైతే చిరుగు కనబడి తీరాలి, కనబడలేదు. యోగ్యానుపలబ్ధికి ఇంత చక్కని ఉదాహరణ మన వాదగ్రంథాలలోని భూతల–ఘటాల కంటె హృదయానికి దగ్గరగా ఉంటుంది. నేలమీద కుండ లేకపోతే ఎవరికీ కన్నీరు రాదు.

రెండవసారి, ఈజిప్టులో అజీజు భార్య యూసుఫును కోరి తలుపులు మూసినప్పుడు, ఇద్దరూ తలుపువైపు పరుగెత్తుతారు. ఆమె వెనుకనుండి పట్టి లాగగా అంగీ చిరుగుతుంది. తలుపు వద్దనే భర్త ఎదురవుతాడు. నేరం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆమె బంధువులలోనే ఒక సాక్షి నిర్ణయమార్గం చెబుతాడు: అంగీ ముందువైపు చిరిగి ఉంటే ఆమె మాట నిజం, అతడు అబద్ధీకుడు, వెనుకవైపు చిరిగి ఉంటే ఆమె మాట అబద్ధం, అతడు సత్యవంతుడు. నలభై ఏండ్లు తర్కసంగ్రహం పాఠం చెప్పినవానికి ఈ రెండు వాక్యాలు చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంతింత కాదు. రెండు పక్షాలను ఎదురెదురుగా నిలిపి, ఏ లింగం ఉంటే ఏ పక్షం నిలుస్తుందో, ఏది పడిపోతుందో వస్తువును చూడకముందే ప్రకటించిన తీరు అన్వయవ్యతిరేకాలకు చాలా సన్నిహితం. ముందు–వెనుక అనే విరోధం నిజం–అబద్ధం అనే విరోధాన్ని మోస్తున్నది. ముందు అన్నది ఒంటరిగా ఏ అర్థమూ ఇవ్వదు. వెనుక కానిది కావడం చేతనే అది అర్థవంతం.

మూడవసారి, ఈజిప్టు భాండాగారాలకు అధికారియైన యూసుఫు తన అన్నలకు తానెవరో తెలిపి, తన అంగీని ఇచ్చి తండ్రి ముఖంమీద వేయమంటాడు. దుఃఖంతో కన్నులు తెల్లబారి చూపుపోయిన యాఖూబుకు దానితో చూపు వస్తుంది. అయితే అంగీ చేరకముందే, బిడారు అక్కడ బయలుదేరగానే, ఇక్కడ తండ్రి తనకు యూసుఫు వాసన తగులుతున్నదంటాడు. దగ్గర ఉన్నవారు నీ పాత భ్రమ ఇంకా పోలేదంటారు.

మూడింటినీ కలిపి చూస్తే కనిపించే విశేషమిది. మొదటి అంగీకి నెత్తురు ఉంది, చిరుగు లేదు: అది అబద్ధం. రెండవదానికి చిరుగు ఉంది, నెత్తురు లేదు: అది నిజం. మూడవదానికి నెత్తురూ లేదు, చిరుగూ లేదు. వాసన మాత్రం ఉంది. అక్కడ నిరూపించవలసినది ఏదీ మిగలలేదు. మొదటిది అనుపలబ్ధికి, రెండవది అనుమానానికి, మూడవది ప్రత్యభిజ్ఞకు స్థానం. ఒకే వస్త్రజాతి మూడు ప్రమాణాల గుండా నడిచి, చివరకు ప్రమాణమనే స్థితిని దాటి తానే కార్యకారి అయింది. ఆనవాలు మందైంది. రామాయణంలో హనుమంతుడు సీతకిచ్చిన ఉంగరం, తిరిగి తెచ్చిన చూడామణి ఇంచుమించు ఈ మూడవ స్థానంలోనివే; మొదటి రెండు స్థానాలకు సరిపోయే చిహ్నాలు అక్కడ లేవు.

ఇక్కడ బైబిలు కథను తెచ్చి పోల్చితే విషయం స్పష్టమవుతుంది. ఆదికాండంలోనూ అన్నలు యోసేపు నిలువుటంగీని మేకపిల్ల నెత్తురులో ముంచి తండ్రికి చూపుతారు. అక్కడ తండ్రి నమ్ముతాడు, దుష్టమృగం తిన్నదని విలపిస్తాడు. ఈజిప్టులో యజమానుని భార్య చేతిలో యోసేపు వస్త్రం చిక్కుతుంది, దానినే ఆమె అతనిపై సాక్ష్యంగా చూపుతుంది, అదీ నమ్మబడుతుంది. అంటే అక్కడ వస్త్రం రెండుమార్లూ అబద్ధానికే పనిముట్టు. చూపునిచ్చే మూడవ అంగీ అక్కడ లేదు. ఏ కథ ముందు, ఏది తరువాత అన్న చర్చ నా విషయం కాదు. వస్తువులు ఇంచుమించు అవే అయినా, వాటిని ఎదురెదురుగా నిలిపిన తీరు మారగానే కథ చెప్పే మాట మారిందన్నదే నేను చూపదలచినది. ఖురాను కథలో వస్త్రం ఒకమారు అబద్ధమాడి, ఒకమారు నిజం చెప్పి, ఒకమారు మేలు చేస్తుంది.

లిథువేనియా వంశీకుడైన ఫ్రెంచి పండితుడు గ్రేమాస్ విరోధాలను చతురస్రంగా అమర్చి చూపాడు. అందులో ‘ఉండుట’, ‘తోచుట’ అనే జంట ఈ కథకు బాగా నప్పుతుంది. ఉండి తోచేది సత్యం. లేకున్నా తోచేది అసత్యం. ఉన్నా తోచనిది రహస్యం. లేనిదీ తోచనిదీ నిరర్థకం. నెత్తుటి అంగీ తోచేదే గాని లేనిది. ఈజిప్టులో ధాన్యం కొలిపిస్తున్న అధికారి ఉన్నవాడే గాని అన్నలకు తోచనివాడు. అతడు వారిని గుర్తిస్తాడు, వారు అతణ్ణి గుర్తించరు. చివరకు నీవేనా యూసుఫువని వారడిగినప్పుడు ఉండుట, తోచుట ఒకటవుతాయి. నాలుగవ మూలలో రాజుగారి ఆస్థానికులున్నారు: ఏడు బలిసిన ఆవులను ఏడు బక్క ఆవులు తినడం, ఏడు పచ్చని కంకులు, మరికొన్ని ఎండినవి కనబడిన స్వప్నాన్ని వారు చిక్కుబడ్డ కలల మూటగా కొట్టివేస్తారు. నాగార్జునకొండ పేరు చెప్పుకునే ప్రాంతంవారం గనుక చతుష్కోటి వెంటనే జ్ఞప్తికి వస్తుంది. అయితే మాధ్యమికుడు నాలుగు కోట్లనూ త్రోసిపుచ్చడానికి లెక్కిస్తాడు. గ్రేమాస్ నాలుగింటా కథను తిప్పడానికి లెక్కిస్తాడు. పోలిక ఆకారంలోనే గాని ప్రయోజనంలో లేదు.

ఆ స్వప్నానికి యూసుఫు చెప్పిన అర్థంలో ఒక కృషి వివరం ఉంది. ఏడేండ్లు విత్తి కోసినదానిలో తినడానికి కావలసిన కొంచెం తప్ప మిగిలినది కంకిలోనే ఉంచమంటాడు. జొన్నను పాతరలలో దాచిన తాతల వద్ద పెరిగినవారికి, 1832–33 నాటి నందన కరువును పెద్దల నోట విన్నవారికి ఈ మాట అలంకారం కాదు. పచ్చకంకి–ఎండుకంకి అన్న విరోధంలో ఎండుకంకి కరువుకు చిహ్నం. దాచిన కంకి కూడా ఎండినదే, కాని అది కరువును దాటించేది. ఒకే రూపం రెండు అర్థాలనిచ్చే ఈ మెలికను వ్యాఖ్యానాలు ఎంతవరకు పట్టించుకున్నాయో చూడవలసి ఉంది.

ఇంతవరకు చెప్పినది చక్కగా పొదిగినట్లు కనబడుతుంది. నాకే దానిపై అనుమానం కలిగించిన సందర్భాలు రెండున్నాయి. యూసుఫు తన తమ్ముని మూటలో రాజుగారి పానపాత్రను రహస్యంగా పెట్టించి, దొంగతనం మోపి, అతణ్ణి తన వద్ద నిలుపుకుంటాడు. ఇదీ దొంగచిహ్నమే, నెత్తుటి అంగీకి దీనికీ ఆకారంలో భేదం లేదు. చిహ్నం పెట్టినవాడు కథానాయకుడు; ఆ ఉపాయం తాను చేయించినదేనని దైవవాక్యం అంటున్నది. కనుక అబద్ధపు చిహ్నం ఎల్లప్పుడూ అధర్మపక్షంలోనే ఉంటుందన్న సూత్రం నిలవదు. రెండవది మరింత లోతైనది. ఆ తమ్ముడు ఈజిప్టులో నిలిచిపోయాడని అన్నలు వచ్చి తండ్రితో చెప్పినప్పుడు, వారు ఈసారి తమకు తెలిసిన నిజమే చెబుతున్నారు. కావలసివస్తే ఆ ఊరివారిని అడగమంటారు. తండ్రి మాత్రం నెత్తుటి అంగీని చూసిననాడు పలికిన మాటలనే మళ్ళీ పలుకుతాడు. అబద్ధాన్ని సరిగా పట్టుకున్న వాక్యమే ఇప్పుడు నిజం మీద పడింది. వాక్యం మారలేదు, ఎదుట నిలిచినది మారింది. తాత్పర్యనిర్ణయానికి మనవారు చెప్పే ఆరు లింగాలలో అభ్యాసం ఒకటి; అదే మాట మరలివస్తే తాత్పర్యం అక్కడ ఉందంటారు. ఇక్కడ అభ్యాసం ఆ తండ్రి తర్కాన్ని స్థిరపరచడం లేదు, దాని హద్దును చూపుతున్నది. అనుపలబ్ధితో ఒకమారు గెలిచినవాడు రెండవమారు అలవాటుతో తీర్పు చెప్పాడు. అయినా ఆ మాటల వెంటనే, దేవుడు అందరినీ తనకు చేరుస్తాడేమోనన్న ఆశ కూడా ఆయన నోటనే వస్తుంది. ఆ ఆశ అనుమానఫలం కాదు.

ఉపక్రమోపసంహారాల విషయంలో ఈ సూరా మీమాంసకుని మెప్పించగలదు. మొదట పదకొండు నక్షత్రాలు, సూర్యచంద్రులు తనకు మ్రొక్కిన కల. చివర తల్లిదండ్రులు, అన్నదమ్ములు మ్రొక్కగా, ఇదే నా పూర్వస్వప్నానికి తావీలు అని యూసుఫు అనడం. తావీలు అంటే మొదటికి మళ్ళించడమని అరబీ తెలిసినవారు చెప్పారు. సంఘటనలు మొదటి సగంలో ఏ క్రమంలో ముడిపడ్డాయో రెండవ సగంలో దానికి విలోమక్రమంలో విడివడుతాయని ముస్తన్సిర్ మీర్ 1986లో ఒక వ్యాసంలో చూపాడు. ఈ సూరాకే కాక మొత్తం ఖురానుకు విరోధపదాల పద్ధతిని అన్వయించినవాడు జపానుకు చెందిన తొషిహికో ఇజుత్సు. కుఫ్ర్ అనే పదం ఒకవైపు ఈమాన్‌కు, మరొకవైపు షుక్ర్‌కు అంటే కృతజ్ఞతకు విరుద్ధమై నిలవడం వల్లనే దాని పూర్ణార్థం తెలుస్తుందని ఆయన వివరించాడు. వీరికంటె దాదాపు తొమ్మిది వందల ఏండ్ల ముందే అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ పదాల సౌందర్యం పదాలలో కాక వాటి కూర్పులో ఉందని వాదించాడు. ఆయన నజ్మ్ సిద్ధాంతాన్ని మన ధ్వనివాదంతో, వామనుని పదరచనా విచారంతో పోల్చే పని ఎవరైనా యువకులు చేపట్టవలసినది.

ఇతర కథలను గూర్చి స్వల్పంగా. ఇబ్రాహీము నక్షత్రాన్ని, చంద్రుని, సూర్యుని వరుసగా చూసి, అస్తమించేదానిని నేను ప్రేమించనని ఒక్కొక్కదానిని త్రోసివేసే ఘట్టంలో అర్థం పూర్తిగా నిషేధముఖంగా వస్తుంది. నేతి నేతి అలవాటైనవారికి వేరే వివరణ అక్కరలేదు. గుహాధ్యాయంలో మూసా వెంట నడిచిన దైవభక్తుడు పడవకు చిల్లు చేయడం, కుర్రవాణ్ణి చంపడం, ఒరిగిన గోడను నిలపడం అనే మూడింటిలో పైకి తోచినది ఒకటి, లోపల ఉన్నది మరొకటి. ఇవన్నీ విస్తరించదగినవే, కాని యూసుఫు కథలో వలె ఒకే వస్తువు కథ పొడవునా నడిచి అర్థం మార్చుకోవడం వీటిలో లేదు.

మన భూమిలో యూసుఫు కథ సంస్కృతంలోనికి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. కాశ్మీరంలో శ్రీవరుడు 1505లో కథాకౌతుకమనే కావ్యం రచించాడు. దానికి మూలం ఖురాను కాదు, పారసీక కవి జామీ 1483లో వ్రాసిన యూసుఫు–జులైఖా కావ్యం. ఖురాను ఆ స్త్రీకి పేరే చెప్పదు. అజీజు భార్య అంటుంది. పేరు వచ్చి ప్రణయకథ పెరిగేసరికి అంగీల లెక్క వెనుకబడింది. శ్రీవరుడు కథను శివభక్తి వైపు మళ్ళించాడు. పరమతకథను సంస్కృతంలో చెప్పడానికి ఆయన జంకలేదన్నది గమనార్హం.

ఇక అన్నిటికంటె నన్ను వేధించిన విషయం. అరబీలో ఖురాను వాక్యాన్ని ఆయత్ అంటారు. చిహ్నాన్ని కూడా ఆయత్ అనే అంటారు. ఈ ఒక్క సూరాలోనే ఆ మాట నాలుగు స్థానాలలో నాలుగు అర్థచ్ఛాయలతో వస్తుంది. మొదటి ఆయతులో అది గ్రంథంలోని వాక్యాలు. ఏడవదానిలో, అడిగేవారికి యూసుఫు, అతని సోదరుల కథలో ఉన్న చిహ్నాలు. 105వదానిలో భూమ్యాకాశాలలో జనం ముఖం తిప్పుకుని దాటిపోయే చిహ్నాలు. నడుమ 35వదానిలో, యూసుఫు నిర్దోషిత్వానికి నిదర్శనాలు. వాటిని కళ్ళారా చూసిన తరువాతనే ఆ పెద్దలకు అతణ్ణి కొంతకాలం చెరలో ఉంచడం మేలని తోచింది. చిరుగు వెనుకవైపే ఉంది. సాక్షి చెప్పిన నియమం ప్రకారం తీర్పు తేలింది. అయినా శిక్ష పడింది నిర్దోషికి. చిహ్నం సత్యాన్ని తెలుపగలదు గాని తెలిసినవానిచేత న్యాయం చేయించలేదు. ఈ మాట చెప్పడానికి సూరా ఆయత్ అనే పదాన్నే ఎన్నుకున్నది. మనం తెలుగులో మొదటిచోట ‘వాక్యాలు’ అని, ఏడవచోట ‘సూచనలు’ అని, 35వచోట ‘నిదర్శనాలు’ అని, 105వచోట ‘చిహ్నాలు’ అని వ్రాస్తే ప్రతిచోటా అనువాదం ఒప్పే, మొత్తం మీద తప్పు. నాలుగు గదుల మధ్య ఉన్న తలుపులు మూసుకుపోతాయి. అర్థవాదం విధికి శేషమని, కథ ఆజ్ఞకు తోక అని చదివిన మీమాంసకుడు ఇక్కడ ఆగాలి: ఈ గ్రంథంలో ఆజ్ఞ చెప్పే వాక్యం ఆయతే, కథ ఆయతే, నెత్తురులేని చిరుగూ ఆయతే.

నేను కూడా చాలాకాలం క్రితం ఒక ఉపన్యాసంలో ఆయతును ‘శ్లోకం’ అన్నాను. సభ ముగిసిన తరువాత నూర్‌బాషా కుటుంబానికి చెందిన ఒక తెలుగు పండితుడు పక్కకు పిలిచి, శ్లోకమంటే మా పెద్దలకు పద్యమని తోస్తుంది, కవిత్వం కాదని ఆ గ్రంథమే చెప్పుకుంటున్నది కదా అన్నారు. మరేమనాలని అడిగాను. ఆనవాలు అనే తెలుగు మాట 7, 35, 105లకు సరిపోతుంది. ఉంగరానికీ అంగీకీ చెల్లుతుంది. కాని మొదటి ఆయతులో గ్రంథవాక్యానికి చెల్లదు. ఇద్దరమూ కొంతసేపు వెదికాము, దొరకలేదు. ఇంట్లో మీరేమంటారని అడిగితే, ఆయతు అనే అంటాము, మా అమ్మకు వేరే మాట తెలియదు అన్నారు. అప్పటినుండి నేనూ అట్లాగే వ్రాస్తున్నాను.